1903 పాల్మా కప్పు: బ్యారెల్ గెలిపించిందా, గాలి గెలిపించిందా?

పాతలెక్కలు
పాల్మా అంటే దేశాల జట్లు రైఫిళ్లతో దూరపు బోర్డులకు గురి పెట్టే పోటీ. 1903లో ఇంగ్లండులోని బిస్లీలో జరిగిన ఆ పోటీ గురించి ఎక్కడ చూసినా ఒకటే పాట. అమెరికా దొంగ బ్యారెళ్లతో గెలిచింది, తర్వాత కప్పు తిరిగిచ్చేసింది. నాకిది మింగుడుపడటం లేదు. అమెరికా 1570, బ్రిటన్ 1555. జట్టుకు 8 మంది. 800, 900, 1000 గజాలు, ఒక్కో దూరంలో మనిషికి 15 షాట్లు. అంటే జట్టుకు 360 షాట్లు, షాటుకు ఎక్కువలో ఎక్కువ ఐదు పాయింట్లు, గరిష్ఠం 1800. తేడా 15 పాయింట్లు. 360లో ఓ 15 షాట్లు నాలుగుకు బదులు ఐదులో పడితే తీరిపోయే తేడా ఇది. దీనికి తూటాను తిప్పే బ్యారెల్ లోపలి గాడుల మెలిక 10 అంగుళాల నుంచి 8కి మార్చడమే కారణమని ఎలా తేల్చారు? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి. దేశభక్తి అక్కర్లేదు, ఆ రెండూ మన దేశాలు కావు.

గజంబద్ద
దొంగతనం అనే మాట పక్కన పెడదాం. నిబంధన ప్రకారం రైఫిలు ఆ దేశపు సైన్యం వాడే నమూనాయే అయి ఉండాలి. వాళ్లు తెచ్చింది క్రాగ్, అక్కడిదాకా సరే. దాని మీద బిగించింది మాత్రం స్టీవెన్స్-పోప్ బ్యారెల్. హ్యారీ పోప్ అంటే బ్యారెల్‌కు గాడులు కోయడంలో ఆ రోజుల్లో పెద్ద చెయ్యి. సిపాయి చేతిలో ఉండే క్రాగ్‌లో 10 అంగుళాలకు ఒక చుట్టు, వీటిలో 8కి ఒక చుట్టు. పైనుంచి చూస్తే రెంటికీ తేడా కనపడదు. గొడవంతా అందుకే.

సున్నాగురి
8 అయితే ఏంటి, 10 అయితే ఏంటి? తూటా ఎలాగూ తిరుగుతుందిగా.

ఎండమావి_చూపు
సున్నాగురి, ఎంత జోరుగా తిరుగుతుందన్నదే ప్రశ్న. క్రాగ్ తూటా బరువు 220 గ్రెయిన్లు, పొడుగు, గుండ్రటి ముక్కు. గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 2000 అడుగులు. 10 అంగుళాల మెలికలో అది సెకనుకు 2400 చుట్లు. 8 అంగుళాల మెలికలో 3000. సరిగ్గా పాతిక శాతం ఎక్కువ.

300 గజాల పోటీ అయితే ఈ పాతిక శాతం ఎవరికీ అక్కర్లేదు. అప్పుడే తాడు లాగి వదిలిన బొంగరం ఎలాగూ నిలబడుతుంది. చిక్కు చివర్లో వస్తుంది. ఆ తూటా 600, 800 గజాల మధ్య ఎక్కడో ధ్వని వేగానికి దిగిపోతుంది. ఆ గీత దాటేటప్పుడు దాని చుట్టూ గాలి ఒత్తిడి సర్దుకుంటుంది, తూటా తల ఊపుతుంది. తిరుగుడు గట్టిగా ఉంటే ఆ ఊపు త్వరగా అణుగుతుంది, లేకపోతే బోర్డు మీద షాట్లు పడే గుంపు విచ్చుకుంటుంది. కాబట్టి 800లో లాభం కొంచెం, 1000లో ఇంకొంచెం. లాభమే లేదని నేననను. కానీ మెలిక వల్ల బిగిసేది గుంపే. ఆ గుంపు బోర్డు మీద ఎక్కడ పడాలన్నది గాలి చూసేవాడి పని.

గజంబద్ద
1000 గజాల దగ్గర గుంపు బిగువంటే చిన్న విషయమా? అక్కడ బుల్, అంటే బోర్డు మధ్య ఐదు పాయింట్ల నల్ల గుండ్రం, వెడల్పు 36 అంగుళాలు. విచ్చుకున్న గుంపు అంచుల్లో పడేవన్నీ నాలుగులే. పాతలెక్కలు గారు అడిగిన ఆ 15 షాట్లు అక్కడి నుంచే వచ్చి ఉంటాయి.

ఎండమావి_చూపు
గజంబద్ద గారూ, అదే 36 అంగుళాలతో గాలి లెక్క వేసి చూడండి. కోణంలో ఒక మినిట్ అంటే 1000 గజాల దగ్గర సుమారు పదిన్నర అంగుళాలు. నడిబొడ్డు నుంచి బుల్ అంచుకు 18 అంగుళాలు, అంటే ఒకటీ ముప్పావు మినిట్లు కూడా నిండవు. క్రాగ్ తర్వాత వచ్చిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలుకు అమెరికా సైన్యం నేర్పిన సూత్రం ఇది: దూరాన్ని వందల గజాల్లో తీసుకో, గాలి వేగాన్ని గంటకు మైళ్లలో తీసుకో, రెండూ గుణించి పదితో భాగించు. వచ్చేది క్వార్టర్ పాయింట్లు. గురి చూసే సైటు మీద ఒక క్వార్టర్ పాయింటు అంటే ఇంచుమించు ఒక మినిట్. 1000 గజాలు, 10 మైళ్ల పక్కగాలి: 10 × 10 ÷ 10, పది మినిట్లు. మనిషి ఎత్తు దాటి ఇంకో రెండు మూడు అడుగులు పక్కకు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు గాలి 10 నుంచి 12కి పెరిగింది, కోచ్ కనిపెట్టలేదు అనుకోండి. రెండు మినిట్లు, 21 అంగుళాలు. నడిబొడ్డున పడాల్సిన షాటు బుల్ దాటి బయటపడింది. రెండు మైళ్ల తేడా అంటే చెంపకు తగిలినా తెలీనంత. ఇది స్ప్రింగ్‌ఫీల్డ్ మొనదేరిన తూటా లెక్క. క్రాగ్ గుండ్రటి ముక్కు నిదానం తూటా ఇంతకంటే ఎక్కువే కొట్టుకుపోతుంది.

పాతలెక్కలు
నేను పట్టుకున్న పాయింటు ఇదే. గాలి చూపులో ఒక్క పొరపాటు ఖరీదు, మెలిక ఇచ్చే లాభం కంటే పెద్దది.

సున్నాగురి
మరి ఇద్దరికీ అదే గాలి కదా? బ్రిటన్‌కి సొంతూరి గాలి కూడానూ.

బిస్లీబాబు
సొంతూరే, అయినా అది నమ్మకం లేని గాలి. బిస్లీలో దూరపు షాట్ల రేంజి పేరు స్టికిల్‌డౌన్. కాల్చే చోటుకీ బోర్డులకీ మధ్య నేల లోపలికి దిగి ఉంటుంది. ఆ కాలపు నిదానం తూటా 1000 గజాలకు ప్రయాణించేది రెండు సెకన్లకు పైనే, దారి మధ్యలో చూపు గీతకు 20 అడుగులకు పైన ఎగురుతుంది. మనం జెండా చూసే ఎత్తు ఒకటి, తూటా పోయే ఎత్తు ఇంకొకటి. పైన గాలి జోరెక్కువ. జెండా ఒక్కదాన్నే నమ్మితే ఎప్పుడూ తక్కువే దిద్దుతాం.

గోల్కొండ_గురి
జెండా చూసి గాలి ఎంతుందో ఎట్ల చెప్తరు అన్నా? అందాజకా?

బిస్లీబాబు
అందాజే, కాకపోతే దానికీ ఒక కొలత ఉంది. జెండా బట్టకూ కర్రకూ మధ్య కోణం ఎన్ని డిగ్రీలో చూసి నాలుగుతో భాగిస్తే గంటకు మైళ్లు. 60 డిగ్రీలు లేస్తే 15 మైళ్లు. బట్ట పొడిగా ఉంటేనే సుమా. ఇంగ్లండు తుంపర్లో తడిసిన జెండా కర్రకు అంటుకుపోయి ‘గాలి లేదు’ అని అబద్ధం చెప్తుంది.

దిక్కు గడియారంతో చెప్తారు. బోర్డు ఉన్న వైపు 12. గాలి 3 నుంచి గానీ 9 నుంచి గానీ వస్తే పూర్తి విలువ. 1, 5, 7, 11 అయితే సగం. 2, 4, 8, 10 కూడా దాదాపు పూర్తే, ఎనిమిదింట ఏడొంతులు. 12 నుంచో 6 నుంచో వస్తే దిద్దేది సున్నా. అయినా అందరికంటే ఎక్కువ ఏడిపించేది ఆ సున్నా గాలే. చేప తోకలా క్షణానికోసారి అటూ ఇటూ ఊగుతుంది. 11 నుంచి 1కి మారితే సగం ఎడమ కాస్తా సగం కుడి అయిపోతుంది. పది మైళ్ల గాలైతే నిలబడ్డ చోటే పది మినిట్ల తేడా.

ఎండమావి_చూపు
అందుకే దుర్భిణి. గోల్కొండ_గురి తమ్ముడూ, ఎండలో తారు రోడ్డు మీద నీళ్లు పారినట్టు కనపడుతుందే, అదే ఎండమావి. కోచ్ దుర్భిణిని ముక్కాలి పీట మీద పెట్టి, బోర్డు మీద కాకుండా దారిలో సగం నుంచి మూడింట రెండొంతుల దూరం మీద స్పష్టత కుదుర్చుతాడు. బోర్డు కాస్త మసకగా కనపడినా పర్లేదు. అప్పుడు గాలిలో అలలు ఏ పక్కకు పారుతున్నాయో, ఎంత జోరుగా పారుతున్నాయో కనపడుతుంది. అలలు పక్కకు పోకుండా ఎసరులా నిట్టనిలువునా పైకి మరుగుతుంటే గాలి ఆగింది, లేదా ఎదురుగానో వెనక నుంచో వస్తోంది. ఆ మరుగులో కాల్చనివ్వకూడదు. అది గాలి పక్క మార్చుకునే ముందు తీసే ఊపిరి. అలలు ఒక పక్కకు మళ్లేదాకా షూటర్ని ఆపాలి.

దీనికీ ఒక హద్దుంది. గాలి 12, 15 మైళ్లు దాటితే అలలు చదునై చారల్లా అయిపోతాయి, వేగం అందదు. అక్కడి నుంచి మళ్లీ జెండానే దిక్కు. మబ్బు పట్టినా అంతే.

గజంబద్ద
ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ చేతనైన జట్టు సర్కారీ బ్యారెల్‌తోనే గెలవొచ్చుగా. పోప్ దగ్గరికి ఎందుకెళ్లినట్టు? అంతకు ముందు రెండుసార్లూ ఓడారు. 1901లో సీ గర్ట్‌లో కెనడా చేతిలో, 1902లో ఆటవా దగ్గర రాక్‌క్లిఫ్‌లో బ్రిటన్ చేతిలో. మూడోసారి బ్యారెల్ మార్చారు, గెలిచారు. ఇందులో అర్థం కానిదేముంది?

స్కోర్‌బుక్
గజంబద్ద వాదనకు ఓ దన్ను. 1908 ఒలింపిక్ సైనిక రైఫిల్ జట్టు పోటీ కూడా బిస్లీలోనే. 6 మంది, ఆరు దూరాలు: 200, 500, 600, 800, 900, 1000 గజాలు. ఒక్కో దూరంలో 15 షాట్లు, గరిష్ఠం 2700. అమెరికా 2531, బ్రిటన్ 2497, కెనడా 2439. గెలిచిన జట్టుది 93.7 శాతం. 1903లో 1570 అంటే 87.2 శాతమే. మధ్యలో మారిందేమిటి? క్రాగ్ పోయి స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చింది. సామాను మారితే స్కోరు మారుతుంది.

పాతలెక్కలు
అమ్మా, అక్కడే పట్టుకున్నా. 1908 మొత్తంలో సగం 200, 500, 600 గజాల షాట్లు. 1903లో 800 కంటే దగ్గర ఒక్క షాటూ లేదు. పెరట్లో మామిడి చెట్టుకీ పక్కూరి తాటి చెట్టుకీ రాళ్లేసి సగటు తీస్తే ఎలా?

స్కోర్‌బుక్
ఆ మాట నిజమే, వెనక్కి తీసుకున్నా. ఇంకో వింత చూడండి. 1912 స్టాక్‌హోంలో ఇదే పోటీ 200, 400, 500, 600 మీటర్లు, 6 మంది, గరిష్ఠం 1800. అమెరికా 1687. మళ్లీ 93.7 శాతం! దూరం 600కే ఆగిపోయినా శాతం పెరగలేదు. దూరాల పట్టిక వేరైతే శాతాలను పక్కపక్కన పెట్టకూడదని ఇప్పుడు నేనే రుజువు చేసుకున్నట్టుంది.

సున్నాగురి
😂 సెల్ఫ్ గోల్

కర్పూరంమసి
అందరూ బ్యారెలూ గాలీ అంటున్నారు, సైటు ఊసెత్తినవాళ్లే లేరు. ఆ రోజుల్లో సైనిక పోటీల్లో నాలుగుల్లో చాలా వాటికి సైటే కారణం.

ముందు సైటు సన్నటి ఇనప రేకు. వాడి వాడి అరిగి మెరుస్తుంది. ఎండ ఒక పక్క నుంచి కొడితే ఆ పక్క అంచు తళుక్కుమంటుంది, కంటికి రేకు మధ్య ఎక్కడుందో తెలీదు, గురి పక్కకు లాగేస్తుంది. మందు ఏంటంటే మసి. కర్పూరం బిళ్ల వెలిగించి, ఆ పొగ మీద సైటును ఆడిస్తే నల్లటి పొడి మసి పడుతుంది. కార్బైడ్ దీపం మసి కూడా వాడేవారు. నూనె మరక ఉంటే మసి అంటదు, ముందు పొడి గుడ్డతో తుడవాలి. వేలు తగిలిందా, మళ్లీ మొదటికి. అందుకే మసి పట్టించాక గుడ్డతో తుడవకండి, తొడుగు తొడగకండి అని కొత్తవాళ్లకు పదేపదే చెప్పేవారు.

వెనక సైటు ఎత్తు మార్చడం ఇంకో పని. సైటు మీద గీతలు వందల గజాలకు ఉంటాయి. 1000 గజాల దగ్గర ఒక మినిట్ అంటే పదిన్నర అంగుళాలు కదా, అంత సన్నగా చేత్తో జరపడం కుదరదు. అందుకని బ్రిటన్ వాళ్లు వెర్నియర్, అమెరికా వాళ్లు మైక్రోమీటర్ పనిముట్టు జేబులో వేసుకునేవారు. సైటుకు తగిలించి, మర తిప్పి, మినిట్ లెక్కన జరిపి తీసేయడమే.

గోల్కొండ_గురి
హారతి కర్పూరం గీడ గూడ పనికొస్తదని తెల్వదు అన్నా.

కర్పూరంమసి
పచ్చ కర్పూరం మాత్రం వద్దు తమ్ముడూ, అది లడ్డూకి.

బిస్లీబాబు
సైటు మాట వచ్చింది గనక: తిరిగే తూటా తిరిగే పక్కకే మెల్లగా జరుగుతుంది. బ్రిటన్ వాళ్ల లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు గాడులు ఎడమ మెలిక, తూటా ఎడమకు జరుగుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ కుడి మెలిక, కుడికి. స్ప్రింగ్‌ఫీల్డ్ వెనక సైటులోనే ఈ దిద్దుబాటు కలిపేశారు, సైటు పైకి జరిపేకొద్దీ కాస్త ఎడమకు కూడా పోతుంది. ఆ సంగతి తెలీకుండా ఇంకోసారి చేత్తో దిద్దితే రెండుసార్లు దిద్దినట్టే.

సున్నాగురి
వెలుతురు పెరిగితే సైటు పెంచు అంటారు, అది నిజమేనా?

కర్పూరంమసి
బిస్లీలో పాత మాటే. మబ్బు తొలగి ఎండ కాస్తే నల్ల బుల్ చుట్టూ తెలుపు మిరుమిట్లు గొలిపి బుల్ చిన్నదిగా కనిపిస్తుంది, గురి పట్టే చోటు మారుతుంది. ఎంత మారుతుందన్నది కంటికీ కంటికీ వేరు. చిల్లు సైటులో ఈ బాధ తక్కువ, తెరిచిన సైటులో ఎక్కువ. అందుకే ప్రతి షాటుకూ పుస్తకంలో వెలుతురు కూడా రాసేవారు: ఎండా, పల్చటి మబ్బా, ముదురు మబ్బా, ఎండ ఏ పక్క నుంచి. దాంతోపాటు గాలి దిక్కు, జోరు, సైటు ఎత్తు, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో షాటు ఎక్కడికి పోయిందనిపించిందో, నిజంగా ఎక్కడ పడిందో. చివరి రెంటికీ పొంతన లేకపోతే షూటర్ తప్పు లేదు, గాలి తప్పు. పొంతన కుదిరితే కోచ్ మీద అరవకూడదు.

స్కోర్‌బుక్
నా పేరు పెట్టుకున్నందుకు నేను చెప్పాల్సింది మీరు చెప్పేశారు.

గోల్కొండ_గురి
వెయ్యి గజాల దూరంల తూటా ఏడ పడ్డదో ఎవలు చూస్తరు? దుర్భిణిల చిల్లు కనబడ్తదా?

బిస్లీబాబు
ఆ దూరంలో చిల్లు కనపడదు. బోర్డుల కింద గోతిలో మార్కర్లు ఉంటారు. రెండు చట్రాలు కిటికీ తలుపుల్లా ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. షాటు పడగానే చట్రం కిందికి లాగి, చిల్లులో గుర్తు బిళ్ల గుచ్చి, పాత చిల్లుకు జిగురు కాగితం అంటించి పైకి తోస్తారు. తర్వాత కర్రకు కట్టిన చక్రం చూపిస్తారు. అమెరికా పద్ధతిలో తెల్ల చక్రం ఐదు, ఎర్రది నాలుగు, నలుపు తెలుపు శిలువ గుర్తుది మూడు, నల్లది రెండు. ఏదీ తగలకపోతే ఎర్ర జెండా ఊపుతారు. బ్రిటన్ వాళ్లు మూడుని మాగ్‌పై అనేవారు. ఆ చక్రం నలుపు తెలుపుల్లో ఉండటంతో ఆ పిట్ట పేరు అంటుకుంది.

గోళీసోడా
ఇక్కడ నా వంతు. పక్కవాడి బోర్డు మీద బుల్ కొడితే ఏమవుతుందో తెలుసా? 1874లో క్రీడ్‌మూర్‌లో అమెరికా, ఐర్లండ్ పోటీ. అమెరికా 934, ఐర్లండ్ 931. ఐర్లండ్ షూటర్ ఒకడు నిక్షేపంలా బుల్ కొట్టాడు, వేరే బోర్డు మీద. అప్పట్లో బుల్ నాలుగు పాయింట్లు. అవి కలిస్తే 935. అంతే సంగతి.

అమెరికా తరఫున ఆఖరి షాటు జాన్ బోడైన్‌ది. దానికి కాసేపటి ముందు అతని చేతిలో జింజర్ బీర్ సీసా పగిలి చెయ్యి కోసుకుంది. గుడ్డ చుట్టుకుని కాల్చి బుల్ కొట్టాడు. సోడా కొట్టేటప్పుడు సీసా మొహానికి దూరంగా పట్టుకోమని మా బండి మీద రాసి పెట్టింది ఊరికే కాదు.

సున్నాగురి
పేరు సార్థకం

గజంబద్ద
విషయం 1903 అండీ. 1874కి పోయాం, తర్వాత కురుక్షేత్రమా?

గోల్కొండ_గురి
గురి అంటే అర్జునుడే కద అన్నా, మత్స్యయంత్రం. ఒక్క సైటర్, గదే ముందుగాల కొట్టి చూసే షాటు, గూడ లేకుండ.

బిస్లీబాబు
మన నేల మాట వచ్చింది గనక ఒక నిజమైన లంకె. బిస్లీలో వలస రాజ్యాల జట్లు బ్రిటన్‌తో కాల్చే పాత కప్పు పేరు కొలాపూర్ కప్పు. అది మన పక్కనున్న కొల్హాపూరే, ఇంగ్లిషువాళ్లు అలా రాశారు. కొల్హాపూర్ రాజావారి పేరు మీద వచ్చింది, 1871 నుంచి కాలుస్తున్నారు, జట్టుకు 8 మంది. కెనడా, ఆస్ట్రేలియా జట్లు సముద్రాలు దాటి వచ్చి దీనికోసం కొట్టుకునేవి. ఆ రాజు రెండో రాజారాం 1870లో ఇంగ్లండు చూసి తిరిగి వస్తూ ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. అక్కడి పార్కులో ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.

గోల్కొండ_గురి
గిది మస్తున్నది. కప్పు ఇచ్చింది మనోడు, కొట్టుకున్నది వాళ్లు.

రాగి_మరక
బ్యారెల్ గురించి ఇంత మాట్లాడి దాన్ని కడగడం గురించి ఎవరూ అనలేదు. జట్టులో ఎనిమిదో మనిషి స్కోరు పడిపోవడానికి అది చాలు.

ఆ కాలపు తూటా మీద రాగి, నికెల్ కలిసిన తొడుగు. జోరుగా పోయేటప్పుడు ఆ లోహం గొట్టం మూతి వైపు గడ్డలుగా అంటుకుంటుంది. క్రాగ్ వేగంలో ఇది తక్కువ. 1906 తర్వాత 150 గ్రెయిన్ల తూటా 2700 అడుగుల వేగంతో వచ్చేసరికి తలనొప్పి అయింది. నాలుగైదు గడ్డలు కట్టాయా, షాట్లు చెప్పాపెట్టకుండా చెదురుతాయి. కోచ్ గాలిని తిడుతుంటాడు, అసలు దోషి గొట్టంలో కూర్చుని ఉంటుంది.

అమెరికా వాళ్ల మందు: అమోనియం పర్సల్ఫేట్ 1 ఔన్సు, అమోనియం కార్బనేట్ 200 గ్రెయిన్లు, 28 శాతం అమోనియా నీళ్లు 6 ఔన్సులు, మామూలు నీళ్లు 4 ఔన్సులు. తూటా పెట్టే వైపు బిరడా బిగించి, మూతికి రబ్బరు గొట్టం తొడిగి, గొట్టం లోపలికి కూడా మందు ఎక్కేదాకా పోయాలి. అరగంట. వంచితే నీలంగా వస్తే రాగి కరిగినట్టు. తర్వాత నీళ్లతో కడిగి, పొడి గుడ్డలు తోసి, నూనె.

తప్పులు రెండు చోట్ల. ఒకటి, వేడి బ్యారెల్‌లో పోయడం. రెండు, రబ్బరు గొట్టం లేకుండా మూతి అంచు దాకా పోయడం. రెండిటిలోనూ మందు ఆరిపోతుంది, ఆరిన చోట ఉక్కును తినేస్తుంది. మూతి దగ్గర తుప్పు పట్టిన బ్యారెల్‌ను పోప్ వచ్చినా బాగుచేయలేడు.

సున్నాగురి
నూనె పూస్తే తుప్పు ఆగదా?

రాగి_మరక
ఆగదు, అదే వాళ్లకు చాలా ఏళ్లు అర్థం కానిది. తూటా అడుగున ఉండే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్. కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పు బంధువే. ఉప్పు నూనెలో కరగదు. దాని మీద నూనె పూస్తే ఊరగాయ మీద నూనె పోసినట్టు, ఉప్పు కిందే భద్రంగా ఉంటుంది. గాలి తేమ తగలగానే తుప్పు. సలసలా మరిగే నీళ్లు పోస్తే ఉప్పు కరిగిపోతుంది, బ్యారెల్ వేడెక్కి దానంతటదే ఆరుతుంది. బ్రిటన్ వాళ్లు గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు. కారణం తెలిసినా తెలియకపోయినా సరైన పని చేశారు.

పాతలెక్కలు
రాగి_మరక గారి పోస్టు దాచుకున్నా. అందరూ దూరం షాట్ల మీదే ఉన్నారు గానీ, ఐరోపా వాళ్ల లోకం వేరు కదా? 1908లో ఇంకో జట్టు పోటీలో నార్వే గెలిచింది, 7200కి 5055 అని చూశా. 70 శాతానికి స్వర్ణమా అనిపించింది.

స్కోర్‌బుక్
అది ఫ్రీ రైఫిల్, అంటే సైనిక నమూనాయే ఉండాలన్న పట్టు లేనిది, 300 మీటర్లు. మనిషికి 120 షాట్లు: నిలబడి 40, మోకాలి మీద 40, పడుకుని 40. 6 మంది. స్వీడన్ 4711, ఫ్రాన్స్ 4652. మీరు 70 శాతమని చులకన చేస్తున్నది నిలబడి కాల్చినవి కూడా కలిపి. బోర్డు మీటరు వెడల్పు, పది వలయాలు, లోపలి పది 10 సెంటీమీటర్లే. దూరంతో పోలిస్తే 36 అంగుళాల బుల్ కంటే అది మూడో వంతు. ఇక్కడ గాలి కంటే మోకాలూ నడుమూ ముఖ్యం. 1897లో లియాన్‌లో మొదలైన ప్రపంచ పోటీలదీ ఇదే 120 షాట్ల పద్ధతి, వాటిలో చాలా ఏళ్లు స్విస్ జట్టుదే పెత్తనం. ఐరోపా, అర్జెంటీనా సంఘాలు 1907లో జూరిచ్‌లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఇప్పుడు ఒలింపిక్ షూటింగ్ నడుపుతున్న సమాఖ్యకు మూలం అదే. మన గగన్ నారంగ్ కాల్చిన రైఫిలు పోటీలు ఈ కొమ్మ నుంచి వచ్చినవే, పాల్మా కొమ్మ నుంచి కాదు.

గజంబద్ద
సామాను వాదనకు ఇంకో సాక్షి: కెనడా రాస్ రైఫిలు. బోల్టు తిప్పకుండా తిన్నగా లాగే పద్ధతి. 1911లో, 1913లో బిస్లీ కింగ్స్ ప్రైజ్ గెలిచినవాళ్ల చేతిలో అదే. ఆ కొలతల బిగువే దాని బలం.

బిస్లీబాబు
ఆ బిగువే కందకాల్లో దాని ప్రాణం తీసింది. పోటీలో ఏరి తెచ్చిన శుభ్రమైన తూటాలు, యుద్ధంలో బురదా, కొలత కాస్త లావైన తూటాలూ. బోల్టు ఇరుక్కుపోయి బూటు కాలితో తన్ని తెరిచేవారు. 1916కల్లా కెనడా సైన్యం లీ-ఎన్‌ఫీల్డ్‌కు మారిపోయింది. సైనిక నమూనాయే ఉండాలన్న పాల్మా నిబంధన ఎందుకో దీన్ని చూస్తే అర్థమవుతుంది. జట్టు రైఫిల్ పోటీలకు ప్రభుత్వాలు డబ్బు పెట్టింది సిపాయి చేతిలో ఉన్న రైఫిలు ఎంత దూరం కొడుతుందో చూద్దామని. పోప్ బ్యారెల్ ఆ ప్రశ్నకు జవాబివ్వదు. అది తప్పు అనడానికి నాకు ఈ ఒక్కటి చాలు, 15 పాయింట్లు దానివి కాకపోయినా సరే.

ఎండమావి_చూపు
బిస్లీబాబు చెప్పినదానికి నేనూ సరే. నిబంధన తప్పారు, కప్పు ఇచ్చేశారు, అది ఒక లెక్క. మెలిక వల్లే గెలిచారన్నది ఇంకో లెక్క, దానికి సాక్ష్యం కావాలి. అదే రోజు, అదే గాలిలో, అవే చేతులతో 10 మెలిక బ్యారెల్ కూడా కాల్చి ఉంటే తేలేది. ఎవరూ కాల్చలేదు.

గజంబద్ద
దూరాల వారీగా స్కోర్లు విడగొట్టి చూస్తే కొంత తేలుతుంది. ఆధిక్యం 800లో తక్కువ, 1000లో ఎక్కువ ఉంటే మెలిక ఖాతా. మూడు దూరాల్లో చెదురుమదురుగా ఉంటే గాలి ఖాతా.

ఎండమావి_చూపు
1000లో గాలి పొరపాటు కూడా పెద్దదవుతుందిగా. రెండూ ఒకే చోట పెరుగుతాయి. అడ్డంగా చెదిరినవీ నిలువుగా చెదిరినవీ విడదీస్తేనే తేలుతుంది. అడ్డం అయితే గాలి. నిలువు అయితే తూటా వేగంలో తేడా, సైటు, వెలుతురు. రెండు పక్కలా సమానంగా విచ్చుకుంటే అప్పుడు మీ మెలిక. దానికి ఒక్కో షాటు ఎక్కడ పడిందో గుర్తించిన బొమ్మలు కావాలి, అంకెలు చాలవు.

పాతలెక్కలు
అంటే 360 చుక్కలు కావాలన్నమాట. నేను 15 పాయింట్లతో బయల్దేరాను.

గోళీసోడా
చుక్కలు దొరికేదాకా తలో సోడా. సీసా నేను పట్టుకుంటా.